గేటు బయట ప్రార్థన

మైకు పట్టుకుంటే వదలనని ఇంట్లో నాకు పేరు. పొద్దున్నించి సాయంత్రం దాకా గచ్చిబౌలి ఆఫీసులో ఇంగ్లీషుతోనే కాలక్షేపం కాబట్టి, తెల్లాపూర్‌లోని మా గేటెడ్ కమ్యూనిటీలో ఏ కార్యక్రమం జరిగినా నాలుగు ముక్కలు తెలుగు మాట్లాడొచ్చని నేనే ముందుకొస్తాను. వినాయక చవితి, బతుకమ్మ, జెండా పండగ, ఏదైనా సరే వ్యాఖ్యాతని నేనే. "మీ నాన్నకి మైకిస్తే ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళిలో కూడా స్వాగతం చెప్తారు" అంటుంది మా ఆవిడ పిల్లలతో. ఆ సంతాప సభ నడపమని కూడా అసోసియేషన్ వాళ్ళు నన్నే అడిగారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు కాస్త సంతోషం వేసింది. ఎమ్మెల్యే వస్తున్నాడు మరి.

సభ మా గేటు దగ్గర పనిచేసిన సెక్యూరిటీ మనిషి కోసం. ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసి మా సెల్లార్‌లోకి నీళ్ళొచ్చేశాయి. అప్పుడే స్కూలు వ్యాన్ దిగిన ఇద్దరు పిల్లలు లిఫ్టు దగ్గర చిక్కుకుపోతే, అతను నడుం లోతు నీళ్ళలో దిగి ఒక్కొక్కరినీ భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. ఆ తర్వాత మోటారు కట్టేద్దామని మళ్ళీ దిగాడు. కరెంటు షాక్ కొట్టింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. అతను పిల్లల్ని మోసుకొస్తుండగా సీసీ కెమెరాలో పడ్డ వీడియో ఊరంతా తిరిగింది. మూడో రోజుకల్లా ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఫోను, సారే స్వయంగా వచ్చి సంతాప సభ జరిపిస్తారని.

పాలమూరు నుంచి వచ్చిన మనిషి. ఆరేళ్ళు మా గేటు దగ్గరే ఉన్నాడు. నిమజ్జనం రోజు విగ్రహాన్ని ట్రాక్టర్ ఎక్కించడానికి మాతో పాటు భుజం పెట్టేవాడు. ప్రసాదం ఇస్తే రెండు చేతులా అందుకుని, తినకుండా తన క్యాబిన్‌లో బల్ల మీద పెట్టేవాడు. ఇంటికి తీసుకెళ్తాడు కాబోలు అనుకునేవాణ్ణి. ఆదివారం పొద్దుటి డ్యూటీ మాత్రం ఎప్పుడూ ఎవరితోనో మార్చుకునేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

సభకి ముందురోజు అతని భార్య నా దగ్గరికి వచ్చింది. ఆమె మా బ్లాకులోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది, రోజూ పొద్దున్నే లాబీ అద్దాలు తుడుస్తూ కనిపిస్తుంది. గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సార్, జర ఒక మాట. ఆయన యేసయ్యను నమ్ముకున్నోడు. రేపు ఫోటోకు బొట్టు పెట్టకుండ్రి. ఆయనకు నచ్చకపోతుండె. మదీనాగూడ నుంచి మా పాస్టరయ్య వస్తడు, రెండు నిమిషాలు ప్రార్థన చేస్తడు. గంతే సార్, ఇంకేం వద్దు."

"అదెంత పనమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను.

"గేటు కాడ మీ ఫ్లాట్ నంబరే చెప్పమనాల్నా?"

"నాదే చెప్పమను."

మా దగ్గర పద్ధతి అలా ఉంటుంది. ఎవరొచ్చినా గేటు దగ్గర ఫోటో తీసి, ఏ ఫ్లాటుకి వచ్చారో ఆ ఫ్లాటువాళ్ళ ఫోనుకి పంపుతారు. మనం అప్రూవ్ అని నొక్కితేనే లోపలికి. పనివాళ్ళ చుట్టాలకైనా ఎవరో ఒక ఓనరు నొక్కాల్సిందే. ఆరేళ్ళు ఆ ఫోటోలు తీసి మాకు పంపింది అతనే.

ఆ రాత్రి నేను కార్యక్రమం రాసుకున్నాను. జ్యోతి, మౌనం, పాస్టరు గారి ప్రార్థన, ఎమ్మెల్యే గారి ప్రసంగం. రాసుకుని, ఎంత విశాల హృదయం నాది అనుకుని మరీ పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఎమ్మెల్యే కంటే గంట ముందు ఆయన పీఏ క్లబ్‌హౌస్‌కి వచ్చాడు. నా కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏంది సార్ ఇది, పాస్టర్ ప్రార్థన అని రాసిండ్రు? గిది పెడితే రేపు వాట్సాప్‌ల ఇంకో వీడియో తిప్పుతరు. మీకెందుకు పరేషాన్? మన పంతులు గారున్నరు గదా, శాంతి మంత్రం చదువుతడు. దాంట్ల మతమేముంది? ఏమంటరు?"

నిజంగానే అడిగాడు, ఏమంటారని. బెదిరించలేదు, కసురుకోలేదు. ఆమె కోరింది, నేను మాటిచ్చాను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. "అంతే లెండి" అన్నాను. అని, నా పెన్నుతోనే ఆ లైను కొట్టేశాను.

ఎందుకన్నానని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. భయం వల్ల కాదు. పీఏ చెప్పింది నాకు నిజంగానే సబబుగా తోచింది. నాకు మతం పట్టింపు లేదని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను. కానీ పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మంత్రం నాకు మతంలా వినిపించదు. మతం అంటే పక్కవాళ్ళది. ఆ సంగతి నాకు ఈ వయసులో, ఒక చావు దగ్గర తెలిసింది.

సభ మొదలైంది. అతని ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి వేదిక మీద పెట్టాం. బొట్టు పెట్టనివ్వలేదు, అంతవరకు నా మాట నిలబెట్టుకున్నాను. అతని భార్య ముందు వరసలో కూర్చుంది. ఎమ్మెల్యే వచ్చాడు, దీపం వెలిగించాడు, దండ వేశాడు. వేసి, ఫోటో వంక చూసి ఆగాడు.

"బొట్టు పెట్టలేదేంది?"

అంతా నా వంక చూశారు. పంతులుగారు కుంకుమ పళ్ళెం నా ముందుకి చాపారు. నా వేలు ఆ కుంకుమలోకి వెళ్ళింది, అద్దం మీద అతని నుదుటి దగ్గర ఆగింది. వేరే ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టాను. తిరిగి మైకు దగ్గరికి వస్తుంటే ఆమె ఒక్కసారి నా వంక చూసి, తల తిప్పి గుమ్మం వైపు చూడసాగింది. పాస్టరయ్య కోసం.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. తీసి చూశాను. గేటు నుంచి ఫోటో వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఒక పెద్దాయన. వెనకాల ఒకావిడ చేతిలో తెల్ల చామంతులు. కింద, తోడు పదకొండు మంది అని ఉంది. లోపలికి రానిస్తే ప్రార్థనకి పిలవాలి. పిలవకపోతే ఎందుకు పిలవలేదో చెప్పుకోవాలి. ఫోను సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నాను. అది మళ్ళీ మళ్ళీ తొడకి తగులుతూ వణికింది. కాసేపటికి ఆగిపోయింది.

ఆగిపోయేసరికి నేను మైకులో మాట్లాడుతున్నాను. మన ఇంటి మనిషి అన్నాను. మన పిల్లల కోసం ప్రాణం పెట్టినవాడు అన్నాను. ఎక్కడ గొంతు పూడుకుపోవాలో సరిగ్గా అక్కడ పూడుకుపోయింది. పంతులుగారు మంత్రం చదివారు. ఆ పరమేశ్వరుడు ఆయన్ని తనలో ఐక్యం చేసుకోవాలని ఎమ్మెల్యే అన్నాడు. హాలంతా ఓం శాంతి అంది. వెళ్ళేటప్పుడు ఎమ్మెల్యే నా భుజం తట్టి, "బాగ మాట్లాడినవ్ అన్నా" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను. ఇదంతా రాస్తూ దీన్ని దాచడం కుదరదు కాబట్టి చెప్తున్నాను.

హాలు ఖాళీ అయ్యాక ఆమె వేదిక ఎక్కింది. దండ తీసి పక్కన పెట్టి, నీళ్ళ సీసాతో కొంగు చివర తడుపుకుని అద్దం మీది కుంకుమ తుడవడం మొదలుపెట్టింది.

"ఇటివ్వమ్మా, నేను తుడుస్తాను."

"వద్దు సార్. అద్దాలు తుడుసుడు నా పనే గద."

ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. తుడిచి, వెలుగుకి ఎత్తి చూసుకుని, మళ్ళీ తుడిచింది.

"పాస్టరయ్యోళ్ళు గేటు కాడికి వచ్చిండ్రంట సార్. మీ ఫోన్‌కు పంపితే జవాబు రాలేదంట."

"సైలెంట్‌లో పెట్టానమ్మా, సభ కదా. చూసుకోలేదు."

"గదే చెప్పిన నేను మావోళ్ళకు. సార్ మాటిచ్చిండు, చూసుకోకపోయుంటడు, తప్పుగ అనుకోకుండ్రి అని."

ఫోటో గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయింది. క్లబ్‌హౌస్ బాల్కనీ నుంచి చూశాను. గేటు బయట ప్రహరీ పక్కన ఒక స్కూటర్ సీటు మీద ఫోటో నిలబెట్టి, చుట్టూ పన్నెండు మందీ, ఆమె. పెద్దాయన పుస్తకం తెరిచాడు. పక్కనించి కోకాపేట వెళ్ళే సిమెంటు లారీలు పోతున్నాయి. ఆఫీసుల నుంచి వచ్చే మా కార్ల కోసం బారికేడ్ లేస్తోంది, దిగుతోంది. డ్యూటీలో ఉన్న కొత్త గార్డు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేనున్న చోటి నుంచి అక్కడికి నడిస్తే రెండు నిమిషాలు. నేను కదల్లేదు. వాళ్ళ ప్రార్థన కూడా అంతకంటే ఎక్కువసేపు జరగలేదు.

గేటు నుంచి వచ్చిన ఆ ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది, కింద 'స్పందన లేదు' అన్న మాటతో సహా. ఆమె ఇప్పటికీ మా లాబీ అద్దాలు తుడుస్తుంది, నన్ను చూసి నమస్తే సార్ అంటుంది. చూశానమ్మా, చూసే జేబులో పెట్టుకున్నాను అని చెప్పేయాలని రోజూ అనుకుంటాను. కానీ తనవాళ్ళ ముందు ఆమె నా మాటకి పూచీ పడింది. అది అబద్ధమని ఇప్పుడు నా నోటితో చెప్తే ఆమెకి ఇంకేం మిగులుతుంది అనుకుంటాను. ఇది ఆమె మీద జాలో, నన్ను నేను కాపాడుకునే సాకో ఇప్పటికీ తేలలేదు. ఆలోపు లిఫ్టు వస్తుంది, ఎక్కేస్తాను.