సక్కుబాయి చెయ్యి

మామిడిపల్లిలో ఎవరింట్లో పెట్ట పొదుగుకు వచ్చినా మొదటి కబురు సక్కుబాయికి వెళ్లేది. గంపలో వరిగడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా అడుగున ఓ ఇనుప ముక్క, రెండు బొగ్గులు పెట్టి, ఆమె తన చేత్తో గుడ్లు సర్దితేనే పిల్లలు దక్కుతాయని ఆడవాళ్ల నమ్మకం. ఆ నమ్మకం గాలికి పుట్టింది కాదు. మరీ పొడుగు గుడ్డునూ మరీ గుండ్రటి గుడ్డునూ ఆమె పొదగవేసేది కాదు. ఏడో రోజున ఒక్కోదాన్నీ ఎండకేసి పట్టి, పిడికిలి సందులోంచి చూసి, లోపల ఎర్రటి నరాలు కనబడనివి తీసి పక్కన పెట్టేది. ఆమె చెయ్యి పడిన గంపలో పదమూడు గుడ్లకు పదకొండు పిల్లలైనా లేచేవి.

ఆ చేతికి ఇంకో కథ ఉంది. సక్కుబాయి ఇరవై రెండేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుంది, పిల్లలు లేరు. ఊళ్లో పెళ్లి అయితే పసుపు దంచడానికి ఆమెను పిలిచేవాళ్లు కాదు. ఎవరైనా పనిమీద బయల్దేరుతుంటే, ఎదురొచ్చిందన్న మాట పడకుండా తనే గుమ్మంలోంచి లోపలికి తప్పుకునేది. ఆమె ఎదురు రాకూడదనుకున్న ఆ మనుషులే మధ్యాహ్నానికి గుడ్ల గంప చంకన పెట్టుకుని, జర వచ్చిపొమ్మని బతిమాలేవాళ్లు. మనుషుల శుభానికి పనికిరాని చెయ్యి కోళ్ల శుభానికి ఎట్లా పనికొచ్చిందని అడిగిన మొనగాడు ఆ ఊళ్లో లేడు. కోళ్లకు ముత్తైదువెవరో విధవెవరో తెలియదు కాబట్టి సరిపోయింది.

సక్కుబాయికి మాత్రం అన్నీ తెలుసు. ఆ ఒక్క పనీ లేకపోతే తనకు పీట వేసి కూర్చోమనే ఇల్లు ఊళ్లో ఒక్కటీ ఉండదని తెలుసు. అందుకే తన చేతిని చూసుకుని లోలోపల మురిసిపోయేది. ఆమెకున్న నగ అదొక్కటే.

ఎవరైనా ఊరికే కోడి అంటే ఆమెకు ఒళ్లు మండేది. కోడంటే ఏ కోడి? ఇంకా గుడ్డు పెట్టని కన్నెపెట్టా, గుడ్ల మీదున్న పెట్టా, పొదుగుపెట్టా, పిల్లలకోడా? కూత నేర్చుకుంటున్న పుంజుపిల్లా, ముదురు పుంజా? కన్నెపెట్టను పుంజులున్న గూట్లో కుక్కొద్దు, పొదుగుపెట్టను రోజుకోసారి లేపి నీళ్లు తాగించాలి, పిల్లలకోడిని చచ్చినా అమ్మొద్దు. పేరు తెలియనివాళ్లకు దాని బాధ ఏం తెలుస్తుందని ఆమె వాదన. మనుషుల్ని కూడా ఆమె ఇలాగే కొలిచేది.

యుద్ధం నడుస్తున్న రోజులవి. పట్నంలో సిపాయిల కోసం కోళ్లు ఎన్ని తెచ్చినా చాలడం లేదని, ఐలయ్య అనే బేరగాడు కందుకూరు వైపు ఊళ్లన్నీ జల్లెడ పట్టేవాడు. కాళ్లు కట్టి, కర్రకు తలకిందులుగా వేలాడదీసి, నడినెత్తిన ఎండలో శంషాబాద్ సంత మీదుగా తీసుకుపోయేవాడు. సంతలో కనబడిన ప్రతిసారీ సక్కుబాయి అతన్ని తిట్టేది. అతను బీడీ పీల్చుకుంటూ నవ్వేవాడు. కోడికి బాధేమిటి, రేపు కూరయ్యేదే కదా అనేవాడు. ఇవాళ కోడే కదా అని ఆమె అనేది.

ఒక చైత్రమాసపు సంతనాడు అతని కర్ర మీద ఒక ఎర్రపెట్ట ముక్కు తెరుచుకుని వేలాడుతోంది. కళ్లు సగం మూసుకుపోయాయి. ఇది పట్నం దాకా బతకదు, ఇక్కడే కోసేస్తానన్నాడు ఐలయ్య. సక్కుబాయి సంతలో అమ్మడానికి తెచ్చిన చింతపండు మూట అతని ముందు పడేసి, కాళ్ల కట్టు విప్పి, పెట్టను ఒళ్లోకి తీసుకుంది. దారిలో బావి దగ్గర ఆగి దాని ముక్కుకు చుక్కచుక్క నీళ్లు అందించింది. కొంగు కప్పి, తల నిటారుగా ఉండేట్టు పట్టుకుని, చంటిదాన్ని మోసినట్టు మామిడిపల్లి దాకా మోసింది. ఇంతకంటే తప్పు లేని పని మనిషి ఏం చేస్తాడు చెప్పండి. కొంపలు ఆర్పే పనులు ఒక్కోసారి ఇలాగే మొదలవుతాయి.

మర్నాడు ఆ పెట్ట మూలన ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుంది. మేత ముట్టలేదు. సక్కుబాయి చూసి సంబరపడింది. పొదుగుకు వచ్చిన పెట్ట కూడా అలాగే ఉబ్బి, మేత మాని, మూలన కూర్చుంటుంది. అదే సమయానికి పక్కింటి శివమ్మ దగ్గర పదమూడు గుడ్లు పోగయి ఉన్నాయి, పొదుగుకు వచ్చిన పెట్ట లేదు. ఎండలకు గుడ్లు పాడైపోతాయని రెండు రోజులుగా గోల పెడుతోంది. శివమ్మ సక్కుబాయి కంటే పదేళ్లు పెద్దది. పొద్దున్నే ఎదురుపడినా మొహం తిప్పుకోని మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే. ఆమె సంసారానికి ఉప్పూ నూనే ఆ కోళ్ల మీదే వచ్చేవి.

సక్కుబాయి ఎర్రపెట్టను తీసుకెళ్లి శివమ్మ గంపలో గుడ్ల మీద కూర్చోబెట్టింది. పొదుగుపెట్ట కింద చెయ్యి పెడితే అది గుర్రుమంటుంది, నెత్తురొచ్చేట్టు పొడుస్తుంది. ఈ పెట్ట పొడవలేదు. కుయ్యనలేదు. ముప్పై ఏళ్లుగా చేతుల నిండా పొడిపించుకున్న మనిషికి అక్కడే అనుమానం రావాలి. రాలేదు. పైగా మురిసిపోయింది.

“చూసినవా అక్కా, నా చెయ్యి తగిలితే ముక్కు గూడ ఎత్తలే,” అంది. “గుర్తు వట్టింది నన్ను.”

మూడో నాడు ఆ పెట్ట మెడ వెనక్కి మెలితిరిగి, గుడ్ల మీదే చచ్చి పడుంది. గుడ్ల నిండా పచ్చటి రెట్ట. అప్పుడు సక్కుబాయికి అర్థమైంది. అది పొదుగు కాదు, కోళ్లకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే కొక్కెర తెగులు.

నాలుగు రోజులు తిరక్కుండానే శివమ్మ గూట్లో నాలుగు కోళ్లు మెడలు వాల్చాయి. శివమ్మ తెలివైంది. బాగున్న ఏడింటిని విడదీసి, ఊరి బయట మెట్ట చెలకలో ఉన్న కొట్టంలోకి తరలించింది. ఇక్కడ సక్కుబాయి నిద్రాహారాలు మానేసింది. తను తెచ్చిన ముప్పును తనే తీర్చాలని పూనుకుంది. వెల్లుల్లి, పసుపు, మిరియాలు నూరి ఉండలు చేసి, ఇల్లిల్లూ తిరిగి, రోగమొచ్చిన ప్రతి కోడినీ ఒళ్లో పెట్టుకుని, ముక్కు తెరిచి మింగించింది. రోజూ సాయంత్రం చెలక దాకా నడిచి, శివమ్మ ఏడు కోళ్లకు కూడా ముందు జాగ్రత్తగా మింగించేది. చీకటి పడేదాకా వాటిని ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కూర్చునేది.

ఆ ఏడు కోళ్లూ చచ్చాయి. నెల తిరిగేసరికి ఊళ్లో కూసే పుంజు లేదు. పొద్దు పొడిచిందని ఎవరికి వాళ్లు ఆకాశం చూసి తెలుసుకోవలసి వచ్చింది.

ఇక నోళ్లు లేచాయి. లోకులు పలుగాకులు అని ఊరికే అనలేదు పెద్దలు. నిన్నటిదాకా గంప చంకన పెట్టుకుని వచ్చినవాళ్లే, మొగుణ్ణి మింగిన చెయ్యి కోళ్లను మింగకుండా ఉంటుందా అన్నారు. సక్కుబాయి చాటుగా ఏడ్చింది గానీ, మొహం దాచుకోలేదు. చేదబావి దగ్గర నలుగురు ఉండగా నిలబడి చెప్పింది.

“తప్పు నాదే. రోగపుపెట్టను పొదుగుపెట్ట అనుకున్న. నా కండ్లు మోసం జేసినయి, చెయ్యి గాదు. నా మొగడు సచ్చినదానికి దీనికి సంబంధం లేదు.”

విన్నవాళ్లు బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయారు. తప్పు ఒప్పుకున్న మనిషిని క్షమించడం తేలిక. అందుకే కాబోలు, వాళ్లు ఆ తప్పును పక్కన పెట్టి, ఆమె చేయని దాన్నే, మొగుణ్ణి మింగిందన్న మాటనే పట్టుకున్నారు.

వానలు పడ్డాక, ఊరి పశువులకు సూదులు వేయడానికి పశువుల దవాఖాన నుంచి ఒక ముసలి కంపౌండర్ సాహెబు వచ్చాడు. సక్కుబాయి ఒక రోజంతా దూరంగా కూర్చుని, ఎడ్లన్నీ అయిపోయాక అతని దగ్గరికి వెళ్లింది. చదువుకున్నవాడు, ఇది విధవ చేతి వల్ల వచ్చే రోగం కాదని నలుగురిలో ఒక్క మాట అంటే చాలని ఆమె ఆశ. అతను ఓపిగ్గా మొత్తం విన్నాడు. విధవ చెయ్యి అన్న మాటకు తల అడ్డంగా ఊపాడు కూడా. తర్వాత అడిగాడు.

“మరి రోగం కోళ్లకు దవా మింగించింది ఎవరమ్మా?”

తనేనంది.

“వాటిని ముట్టుకొని, గదే చేత్తోటి మంచి కోళ్లను గూడ ముట్టుకున్నవా? నడుమ సబ్బో బూడిదో పెట్టి కడుక్కున్నవా?”

సక్కుబాయి తన చేతుల వైపు చూసుకుంది. ఈ రోగం చేతులకూ కాళ్లకూ గంపలకూ అంటుకుని తిరుగుతుందని, ఈసారి జాగ్రత్త అని చెప్పి సాహెబు సంచి సర్దుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. అడిగినదానికి ఉన్నది చెప్పాడు, అంతే. నిర్దోషినని చెప్పించుకోవడానికి వెళ్లిన మనిషి ఇంటికి ఎట్లా నడిచి వచ్చిందో ఆమెకే తెలియాలి. ఆ సాయంత్రం చేతులు బూడిదతో తోముకుంటూ, చర్మం మండేదాకా తోముకుంటూ కూర్చుంది. ఎవరికి లాభం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

దసరా వెళ్లాక శివమ్మ పుట్టింటివాళ్లు, హిమాయత్ సాగర్ దగ్గరివాళ్లు, ఒక పెట్టనూ పుంజునూ ఇచ్చి పంపారు. ఆ పెట్ట గుడ్లు పెట్టి పొదుగుకు వచ్చింది. ఈసారి సక్కుబాయిని పిలవొద్దని కోడలు రేణుకమ్మ కాళ్లావేళ్లా పడింది. వాడ ఆడవాళ్లంతా వచ్చి చెప్పారు. శివమ్మ వినలేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా గుడ్ల గంప ఎత్తుకుని వచ్చి సక్కుబాయి గడపలో దించింది.

“ఎవలేమన్న అననీ. నీ చెయ్యే పడాలె. లే, రా.”

సక్కుబాయి ఆరు నెలలుగా ఎదురు చూసిన మాట అది. ఆ మాట అనే మనిషి ఈ భూమ్మీద ఉంటే శివమ్మే అయి ఉంటుందని కూడా తెలుసు. ఊరుకుంటే సరిపోయేది. లేచి, శుభ్రంగా చేతులు కడుక్కుని వెళ్లి గుడ్లు సర్దితే, నెల తిరగకుండా పిల్లలు లేచేవి, వాడ నోళ్లు మూతపడేవి, పీట మళ్లీ వేసేవాళ్లు. సాహెబు చెప్పిన సంగతి ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. కానీ ఆమె గుడ్ల వైపు చెయ్యి చాపబోయి ఆగిపోయింది. ఈ మనిషి దగ్గర దాచి తిన్న అన్నం తనకు అరగదు అనుకుంది.

కూర్చోబెట్టి చెప్పింది. సాహెబు అడిగిన ప్రశ్నలూ, తను చెప్పలేకపోయిన జవాబులూ, ఏదీ వదలకుండా చెప్పింది. ఇంటింటికీ రోగాన్ని తానే మోసుకెళ్లానని చెప్పింది. చెలకలోని కొట్టానికి అంత దూరం రోగం గాలికి రాలేదనీ, రోజూ సాయంత్రం తానే వెళ్లాననీ చెప్పింది.

“నా చేతనే వోయినయక్కా,” అంది చివరికి.

శివమ్మ వేళ్ల మీద కోళ్లను లెక్కపెట్టుకుంది. కోపం రాలేదు ఆమెకు. వస్తే బాగుండేది.

“ఆ ఏడు కోళ్లు బతికేటియి గదనే,” అంది, తనలో తాను అన్నట్టు.

సక్కుబాయి అవునన్నట్టు తల ఊపింది. శివమ్మ లేచి, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, రెండో చేత్తో గడపలోని గంపను నిదానంగా ఎత్తుకుంది. ఒక్క గుడ్డు కూడా కదలకుండా జాగ్రత్తగా పట్టుకుని ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత ఇద్దరూ ఇరవై ఏళ్ల దాకా పక్కపక్క ఇళ్లలోనే బతికారు. నిప్పు బదులు ఇచ్చుకున్నారు, చింతకాయ తొక్కు పంచుకున్నారు, జ్వరాలకు ఒకరికొకరు గంజి కాచుకున్నారు. శివమ్మ ఒక్కరోజు కూడా ఎత్తిపొడుపు మాట అనలేదు. గుడ్ల గంప మాత్రం మళ్లీ ఆ గడప దగ్గరికి తేలేదు.