అటక మీద పెట్టిన పాట

ముందే చెబుతున్నాను. విననిది విన్నానని చెప్పే మనిషిని కాను నేను. అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్లూ ఏ పిల్ల బరువూ ఉజ్జాయింపుగా రాయలేదు. పని మానేశాక కూడా ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే రాసిపెట్టుకునే అలవాటు పోలేదు. ఆ రాత్రి సంగతి మాత్రం రాయబోతే... ఏం రాయాలో తెలియలేదు. ఆ తేదీ ఎదురుగా ఖాళీ అలాగే ఉంది. అందుకే నోటితో చెబుతున్నాను. జరిగింది జరిగినట్టే.

మాది మరైగూడ. వాగు దాటితే జోగమ్మ వాళ్ల పల్లె. జోగమ్మ దోర్ల తెగ మనిషి, నా ఈడుది. నన్ను వదినా అంటుంది. విత్తనాల పండుగ పాట మొత్తం వచ్చిన మనిషి ఆ పల్లెలో ఆమె ఒక్కతే. తొలకరి వేళ, తెల్లవారుతుండగా, పొయ్యి మీది అటక కింద నిలబడి ఆ పాట పాడతారు. ఆఖరి చరణం అయ్యాకే విత్తనాలు పోసిన సొరబుర్రలు కిందికి దింపుతారు. నిద్రపోతున్న గింజను లేపే పాట అది. సగం పాడి లేపకూడదంటారు.

నా దగ్గర ఒక వీడియో కెమెరా ఉంది. అరచేతిలో ఇమిడేది. పక్కకు చిన్న తెర తెరుచుకుంటుంది. సుక్మా పట్నంలో టీచరుగా ఉన్న మా తమ్ముడి కూతురు ఇచ్చింది. దానితో వచ్చిన హిందీ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాను. అద్దాన్ని కొంగుతో తుడవకూడదు. ఎర్ర దీపం వెలుగుతుండగా కార్డు లాగకూడదు. వాడనప్పుడు బ్యాటరీ విడిగా ఉంచాలి. ఎండ, పొగ, తేమ తగలనివ్వకూడదు. చెమ్మ చేరితే పూర్తిగా ఆరేదాకా మీట నొక్కకూడదు. ఇవన్నీ తప్పకుండా చేస్తాను కాబట్టే అది ఇంకా బతికుంది.

నిరుడు పండుగకు ఆ పాటను దానిలో పట్టాను. అంతకు ముందు కరెంటు లేక బ్యాటరీ సగమే నిండింది. ఆఖరి చరణం ఎత్తుకోబోతుండగా... తెర నల్లబడింది. నా మొహం చూసి జోగమ్మ నవ్వింది.

“పోనీ తియ్యి వదినా. వచ్చే ఏడు మల్ల పాడుత గదా.”

చలికాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలు కొంత నయమైంది. మాట రాలేదు. పాట అసలే రాలేదు.

ఈసారి పాడాల్సింది ఆమె కోడలు మంగ్లి. నా కెమెరాలో చూసి చూసి పాట నేర్చుకుంది. ఆఖరి చరణం దగ్గరికి వచ్చి ఆగిపోయేది. పల్లెలో ఎవరినడిగినా తలా ఒక ముక్క చెప్పారు, ఏ రెండూ కలవలేదు. నాకు దోర్ల మాట తెలుసు. కానీ ఆ చరణం వచ్చేసరికి ఏటా డోళ్లు అందుకునేవి. మాటలు ఆ మోతలో కలిసిపోయేవి.

పండుగ ముందు సాయంత్రం కెమెరా తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. మంగ్లి మరోసారి విన్నది. నేను బ్యాటరీ తీసి, నడుముకు కట్టుకున్న సంచిలో వేసి, కెమెరాను మెత్తటి గుడ్డలో చుడుతుంటే నవ్వడం మొదలుపెట్టింది.

“ఏంది పెద్దత్తా, సంటిపిల్లకు చేసినట్టు చేస్తున్నవ్. పాలు గూడ పడతవా దానికి?”

“పడత. ముందు నువ్వు చరణం పట్టుకో.”

నవ్వు ఆగిపోయింది. నేను అనకుండా ఉండాల్సింది.

“పట్టుకోకుంటే ఎట్ల పెద్దత్తా?” అంది మెల్లగా. “గింజ లేవదంటరు. పొద్దుగాల అందరు నా దిక్కే చూస్తరు.”

అప్పుడు మంచం మీద నుంచి జోగమ్మ బాగున్న చెయ్యి ఎత్తింది. కెమెరాను చూపించింది. తర్వాత అటకను.

“ఆడ పెట్టమంటుంది,” అంది మంగ్లి. “బతకాల్సింది ఏదైనా ఆడనే పెడతం గదా.”

పొగ అన్నాను, వేడి అన్నాను. పుస్తకంలో ఏం రాసుందో చెప్పాను. జోగమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు. చివరికి పొయ్యి ఆర్పించాను. బూడిద చల్లబడేదాకా కూర్చుని, గుడ్డలో చుట్టిన కెమెరాను సొరబుర్రల మధ్య పెట్టాను. బ్యాటరీ మాత్రం నా నడుము దగ్గరే. ఇది గుర్తుంచుకోండి.

జోగమ్మ మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. మంగ్లి బయట వసారాలో పడుకుంది. చినుకులు మొదలయ్యాయి. పెంకుల మీద టప్... టప్... వాగు వైపు కప్పలు. వింటూ నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి చినుకుల్లేవు. కప్పలూ లేవు. ఏ చప్పుడూ లేదు. నన్ను లేపింది ఆ నిశ్శబ్దమే అనుకుంటాను.

అప్పుడు... పైన... కిర్‌మని చిన్న చప్పుడు.

ఎలుక అనుకున్నాను. కాదు. ఆ చప్పుడు నాకు తెలుసు. కెమెరా తెర తెరిస్తే అలాగే అంటుంది.

తర్వాత... పాట.

సన్నగా. చాలా సన్నగా. జోగమ్మ గొంతు. పడిపోక ముందటి గొంతు. డోళ్లు లేవు. ఒక్క గొంతే.

నా చెయ్యి ముందు నడుము దగ్గరికి వెళ్లింది. సంచి తడిమాను. బ్యాటరీ ఉంది. నా ఒంటి వేడికి వెచ్చగా, గట్టిగా.

అయితే పాడుతున్నది పక్కనున్న మనిషే అనుకున్నాను. గొంతు వచ్చేసిందని... ఒక్క క్షణం ఎంత సంతోషమో. చీకట్లో చెయ్యి చాచి ఆమె మొహం తడిమాను. ముక్కు... పెదాలు. పెదాల మీద నా వేళ్లు ఆనించి ఉంచాను. మూసుకుని ఉన్నాయి. ఊపిరి వెచ్చగా తగులుతోంది. పెదాలు కదలడం లేదు.

పైన పాట నడుస్తూనే ఉంది.

భయం వేసింది. వేయలేదని చెప్పను. కానీ లేవలేకపోయింది భయంతో కాదు. అది ఆఖరి చరణం. మాట మాటా వినిపిస్తోంది. లే తల్లీ, నీ చీకటి అయిపోయింది... మట్టి తడిసి నీ పేరు అడుగుతోంది... అని. కదిలితే ఆగిపోతుందేమోనని ఊపిరి బిగపట్టి విన్నాను.

అయిపోయింది. కప్పలు అరవడం మొదలుపెట్టాయి.

టార్చి వేసి, పీట ఎక్కి, అటక మీద చెయ్యి పెట్టాను. గుడ్డ చుట్టినట్టే ఉంది. విప్పాను. తెర మూసే ఉంది. బ్యాటరీ గూడు ఖాళీ. కెమెరా మాత్రం వాగులో రాయిలా చల్లగా ఉంది. ఒంటినిండా చెమ్మ. అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు మసక. గుడ్డ పొడిగా ఉంది. పక్కనున్న సొరబుర్రలూ పొడిగానే ఉన్నాయి.

ఎవరినీ లేపలేదు. తెల్లారేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పొద్దున జనం వాకిట్లోకి వచ్చారు. డోళ్లు వచ్చాయి. మంగ్లి మొహం పాలిపోయి ఉంది. పాడే ముందు ఒక్కసారి వినాలంది. ఆరలేదు, ఆగమన్నాను. పల్లె పెద్ద పొద్దెక్కుతోందని గొణిగాడు. నేను మీట మీద వేలు పెట్టలేదు. తడి మీద కరెంటు పోనిస్తే ఆ ఉన్న సగం పాట కూడా పోతుంది. గాలి తగిలే నీడలో, పొడిగుడ్డ మీద పెట్టి, అద్దం మీది మసక దానంతట అది పోయేదాకా అందరినీ నిలబెట్టాను. అప్పుడు బ్యాటరీ వేశాను. వెలిగింది.

మంగ్లి దానితో పాటు పాడింది. బాగా పాడింది. ఎప్పుడూ ఆగే చోట తెర ఆగింది. ఆమె కూడా ఆగింది. అందరూ ఆమె దిక్కే చూశారు.

నేను నోరు తెరిచాను. నాకు పాడటం రాదు. రాత్రి విన్నదాన్ని విన్నట్టు, అప్పజెప్పినట్టు చెప్పాను. లే తల్లీ, నీ చీకటి అయిపోయింది... మంగ్లి నా వెనకే అందుకుంది. తర్వాతి మాట దగ్గర నాకు తడబాటు వచ్చింది. ఆగిపోయాను.

వెనక నుంచి ఒక గొంతు ఆ మాట అందించింది.

బొంగురుగా ఉంది. వంకరగా ఉంది. చలికాలం తర్వాత మొదటిసారి. మంచం మీద లేచి కూర్చుని, సగం నోటితో, జోగమ్మ చరణం పూర్తిచేసింది. డోళ్ల వాళ్లు వాయించడం మరిచిపోయారు. సొరబుర్రలు దింపుతూ మంగ్లి ఏడ్చింది. ఈ ఏడు ఆ గింజ మొలిచింది. అన్ని ఏళ్లలాగే మొలిచింది, ఎక్కువ చేసి చెప్పను.

తర్వాత జోగమ్మను అడిగాను, రాత్రి పాడింది నువ్వేనా అని. మాటలు ఒక్కొక్కటే వెతుక్కుని చెప్పింది.

“నేను... పండుకున్న... వదినా. నువ్వు... పాడుతుంటే... విన్న.”

నేను పాడలేదు. నా నోరు నాకు తెలియదా? డోళ్ల మోతలో ఏటా విన్నది నాలో ఎక్కడో ఉండి, నిద్రలో బయటికి వచ్చిందా? అలా అయితే ఆ చెమ్మ ఎక్కడిది? ఆ చల్లదనం? ఎన్నిసార్లు చూసుకున్నా లెక్క కుదరడం లేదు.

ఇప్పుడు మంగ్లి పాడగా మొత్తం పాట పట్టి పెట్టాను. ఈసారి బ్యాటరీ నిండుగా ఉంది. తమ్ముడి కూతురి కంప్యూటర్‌లో ఇంకో నకలు ఉంది. కెమెరాను గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే పొట్లం వేసి ఉంచుతాను. పుస్తకంలో చెప్పినట్టే.

పండుగ ముందు రాత్రి మాత్రం ఆ డబ్బాను తీసుకెళ్లి జోగమ్మ వాళ్ల అటక మీద పెడతాను. బ్యాటరీ తీసే పెడతాను.

మూత మాత్రం బిగించను.