గౌరీశంకర్ గారి రెండు దేశాల కోపం

గౌరీశంకర్ గారికి ఏ ఇల్లు చూసినా కోపమొచ్చేది. ఆ ఇల్లు మిషిగన్‌లో మా ఊరు నోవైలో ఉంటే, అదే డబ్బుకి కెనడాలో ఎంత ఇల్లొస్తుందో చెప్పి మండిపడేవారు. కెనడాలో ఉంటే, మిషిగన్‌లో బ్యాంకులు ఎంత మర్యాదగా అప్పిస్తాయో చెప్పి మండిపడేవారు. డెట్రాయిట్ బ్రిడ్జి దాటితే కెనడాలోని విండ్సర్, ముప్పావుగంట డ్రైవ్. అందుకని ఆయన కోపానికి రెండు దేశాలూ అందుబాటులో ఉండేవి.

పాతికేళ్లుగా కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజినీరు. నోటికి మాత్రం ఒక్కటీ బిగించుకోలేదని వాళ్లావిడ కామేశ్వరి గారు అనేవారు.

నోవైలోనే ఇల్లు కొన్న సుధ వాళ్ల గృహప్రవేశంలో, అందరూ పాలగిన్నె చుట్టూ నుంచుని ఉండగా ఆయన అడిగారు.

"ఎంతకి కొన్నావమ్మా?"

సుధ సంబరంగా చెప్పింది.

"అన్యాయం! పక్కింటాయన ఇంటి టాక్స్ ఎంతో కనుక్కున్నావా? ఇదే ప్లాను, ఇదే గరాజ్. ఎప్పుడో కొన్నాడు గనక నీ దాన్లో సగం కడతాడు! విండ్సర్‌లో ఇలా చేస్తే ఊరుకుంటారా?"

"అయితే విండ్సర్‌లో కొనుక్కోవాల్సిందా అంకుల్?" సుధ మొహం చిన్నబోయింది.

"అక్కడా? వడ్డీ అయిదేళ్లకే మాటిస్తారు! అయిదేళ్లవగానే మళ్లీ మొదటికి! ఇక్కడ ముప్పై ఏళ్లు ఒకటే వడ్డీ. వాళ్లకి సిగ్గుండక్కర్లేదూ?"

పాలు ఎప్పుడు పొంగాయో ఎవరూ చూడలేదు.

శనివారాలు విండ్సర్‌లో అమ్మకానికో అద్దెకో ఉన్న ఇళ్లన్నీ తిరిగేవారు. ఓసారి నేనూ వెళ్లాను. బోర్డర్‌లో ఆఫీసర్ అడిగాడు.

"ఏం పని మీద?"

"ఇళ్లు చూడ్డానికి."

"కొంటున్నారా?"

"మీ ధరలకా?"

కారు పక్కన పెట్టించి అరగంట వెతికారు. ఆ తరవాత ఆయన ఆరిళ్లలో కుళాయిలన్నీ తిప్పి, బేస్‌మెంట్లన్నీ వాసన చూసి, ఆరుగురు ఏజెంట్లతో తగువు పెట్టుకుని, ఏదీ కొనకుండా ఇంటికొచ్చారు. మనిషికి కొంచెం తిక్క ఉందని నేను మా ఆవిడ దేదీప్యతో చెప్పాను.

2009 చలికాలంలో నా ఉద్యోగం పోయింది. దాంతో వీసా కూడా. దేదీప్యకి ఆరో నెల. కెనడాలో ఉండిపోవడానికి ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న పీఆర్ ఒక్కటే మా చేతిలో మిగిలింది. టొరంటోలో ఎవరికి ఫోన్ చేసినా, ఉద్యోగం లేనివాళ్లకి ఇల్లు అద్దెకివ్వం అన్నారు. దేదీప్య సర్దిన సూట్‌కేసే మళ్లీ మళ్లీ సర్దేది.

విషయం తెలిసి గౌరీశంకర్ గారు మా అపార్ట్‌మెంట్‌కొచ్చారు.

"ఆరేళ్లు పని చేయించుకుని, ఇల్లు వెతుక్కునే టైమైనా ఇవ్వరా! కడుపుతో ఉన్న పిల్ల ఎక్కడికెళ్తుంది?" అని గోడలు అదిరేలా అరిచారు. అన్నాళ్లలో ఆయన కోపం నాకు హాయిగా అనిపించడం అదే మొదటిసారి. "శ్రీహర్షా, రేపు తొమ్మిదింటికి రెడీగా ఉండండి."

తీసుకెళ్లింది విండ్సర్‌లో ఓ చిన్న ఇటుకల ఇంటికి. ఓనర్ ఇటాలియన్ పెద్దావిడ.

"ఉద్యోగం ఉందా?" అందావిడ.

"ఉంటే మీ దగ్గరికెందుకొస్తారు?" అని ఈయన లేచారు. "ఈ వంటింటికి ఇంత అద్దె అడుగుతారా? నోవైలో ఇంతకి డిష్‌వాషర్ కూడా ఇస్తారు!"

ఆవిడా లేచింది. ఇద్దరూ పది నిమిషాలు అరుచుకున్నారు. ఇక ఈ ఇల్లూ పోయిందనుకుని దేదీప్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"శంకర్, ప్రతిసారీ ఈ గొడవేంటి?" అందావిడ చివరికి, తాళాలు బల్ల మీద పెడుతూ. "నువ్వు తెచ్చినవాళ్లకి ఏనాడైనా ఇవ్వనన్నానా?"

మేం నాలుగో కుటుంబం. 2001లో ఆయన స్నేహితుడు రాజారావుకి ఉద్యోగం పోతే, ఇద్దరు పిల్లలతో మూడు వారాలు మోటెల్లో ఉన్నారట. అప్పట్నుంచీ శనివారాలు ఇళ్లు చూడ్డమే ఈయన పని. కారు లేని ఇల్లాలికి బస్‌స్టాప్ దగ్గర, పురిటికి హాస్పిటల్ దగ్గర, పసిపిల్లలకి చెమ్మలేని బేస్‌మెంట్. హామీ సంతకం కూడా ఆయనదే. ఇదంతా ఆ పెద్దావిడే చెప్పింది. గౌరీశంకర్ గారు మాత్రం ఏమీ విననట్టు కిటికీ గడియ లాగి చూస్తున్నారు.

దేదీప్య కళ్లు తుడుచుకుని, వెళ్లి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోయింది.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి గెంతారు. ఆ వెంటనే నా మీద పడ్డారు.

"ఆరో నెల పిల్ల వంగుతుంటే గుడ్లప్పగించి చూస్తావేమయ్యా? బుద్ధుందా నీకసలు?"

సంగతేమిటో తెలియకపోయినా పెద్దావిడ కూడా ఆయన పక్కన నుంచుని, వేలు చూపిస్తూ నన్ను ఇటాలియన్‌లో తిట్టడం మొదలుపెట్టింది.

నెల రోజుల్లో దేదీప్య పగలబడి నవ్వడం నేను చూసింది అప్పుడే.