దాలమ్మ డ్యూటీలో ఉంది

మధ్యాహ్నం మూడు దాటాక మా లారీ పలాస చేరింది. టెక్కలి నుంచి రోడ్డు మీద పడిన చెట్లు కోసుకుంటూ వచ్చాం. జీడి కార్ఖానాల పైకప్పు రేకులు కరెంటు తీగలకు వేలాడుతున్నాయి. వాన వెలిసింది, గాలి తగ్గలేదు. సముద్రం వైపు తిరిగాక ఉద్దానం కొబ్బరితోటలు కనిపించాయి. చెట్లన్నీ ఒకే దిక్కుకు కూలి ఉన్నాయి. మాది జలంత్రకోట. అలాంటి తోటల్లోనే పెరిగాను. లారీలో చివరిదాకా నిలబడే ఉన్నాను.

తొంభైల చివర వచ్చిన తుఫాను అది. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. తుపాకీ కంటే సెలైన్ సూది ఎక్కువసార్లు పట్టినవాణ్ణి. మా జట్టు చిన్నది: డాక్టర్ అయిన కెప్టెన్, వైర్‌లెస్ సిపాయి, డ్రైవరు, వంటవాడు, నేను. తెలుగు వచ్చింది నాకొక్కడికే. సామాను: రెండు గుడారాలు, సెలైన్ పెట్టెలు, బ్లీచింగ్ పొడి బస్తాలు, ఒక జనరేటరు. ఆర్డరు: అక్కుపల్లి దాటాక తీరంలో ఉన్న ఒక చేపలూరి బడిలో వార్డు తెరవాలి. అక్కడ వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి.

ఆ ఊరి పేరు రాయను. అప్పుడు మా మంచాల మీద పడుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. నా కోపం వాళ్ళ మీద కాదు.

టెక్కలి నుంచి ఇద్దరు నర్సులను పంపారు. ఊరంతా వాళ్ళను పెద్ద సిస్టరు, చిన్న సిస్టరు అనేది. నేనూ అలాగే అన్నాను. మూడో మనిషిని ఎవరూ పంపలేదు. తనే వచ్చింది. పేరు దాలమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి. తుఫాను ముందురోజు వేటకు వెళ్ళిన ఆమె మొగుడి పడవ తిరిగి రాలేదు.

"ఇంట్లో కూకుంటే సముద్రం ఇనబడతంది, సిస్టరమ్మా. ఇక్కడైతే గుంటల ఏడుపు ఇనబడతాది. అదే నయం. ఏటైనా పని సెప్పు" అంది. గుంటలంటే మా వైపు పిల్లలు.

పని చెప్పాల్సిన అవసరం రాలేదు. నీళ్ళు మరగబెట్టేది. బకెట్లు మోసి, కడిగి, బ్లీచింగ్ చల్లేది. దుప్పట్లు ఉతికేది. తల్లులే సొమ్మసిల్లి పడితే వాళ్ళ పిల్లలను ఒళ్ళో వేసుకుని చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోసేది.

"దాలమ్మా, నువ్వు రాకపోతే ఈపాటికి మేమిద్దరం కూడా మంచమెక్కేవాళ్ళం" అంది చిన్న సిస్టరు ఒకరోజు.

"ఎక్కండమ్మా. మీకూ పోత్తాను, సెంచాడు సెంచాడు" అంది దాలమ్మ. తుఫాను తరవాత ఆ బడిలో నవ్వు వినబడటం అదే మొదలు.

అసలు జబ్బు ఎక్కడిదో రెండో రోజే తేలింది. ఊరి నూతిలో చచ్చిన మేక ఉంది. నేనే దిగి తీశాను. కెప్టెన్ నూతి చుట్టూ తాడు కట్టించి ఎవరినీ నీళ్ళు తోడనివ్వలేదు. కానీ మేక మాట ఊరి పెద్ద ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో జబ్బు నూతిలోంచి రాలేదు, దాలమ్మ చేతి గాజుల్లోంచి వచ్చింది.

"మొగుడు పోయి పదో దినం దాటిపోనాది. ఇంకా గాజులేసుకుని గుంటల నోట్లో నీల్లు పోత్తంది. అమ్మోరు ఊరుకుంటాదా, బాబూ?" అన్నాడు నాతో, మేం వచ్చిన వారానికి.

"శవం దొరికిందా?" అన్నాను.

"సముద్రం తినీసింది. శవమెక్కడిది?"

దాలమ్మ మాట ఒక్కటే. "శవం సూపించండి. గాజులు నానే తీసిత్తాను." గాజులు పగిలాయంటే ఆమె ఇక గది దాటకూడదు, శుభకార్యానికి ఎదురు రాకూడదు. మొగుడు తిరిగి వస్తాడన్న చివరి ఆశను ఆమె చేతుల మీదే పగలగొడతారు. అదీ ఊరి మేలు కోసమట!

ఇలాంటివాళ్ళను చూసి అజ్ఞానమని జాలిపడమంటారు కొందరు చదువుకున్నవాళ్ళు. నేను పడను. ఆ ఊరి పెద్ద మనవరాలు మా వార్డులో మూడో మంచం మీదే ఉంది. రాత్రింబగళ్ళు దాలమ్మ చేతి నీళ్ళే తాగి కోలుకుంటోంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. పిల్ల కళ్ళు తేలేసినప్పుడు ఆ చెయ్యి మైల కాలేదు. పిల్ల కళ్ళు తెరిచాక మైల అయింది. తనకు పనికొచ్చినంతసేపు కళ్ళు మూసుకుని, పని తీరాక తెరుచుకునే నమ్మకాన్ని అజ్ఞానం అనరు.

ఊరి పెద్ద పైకి కబురు పెట్టాడు. మర్నాడు పొద్దున వైర్‌లెస్‌లో మాకు ఆర్డరు వచ్చింది. వైర్‌లెస్ సిపాయి చదివాడు: "స్థానికుల ఆచారాల్లో జోక్యం చేసుకోవద్దు. వారి మనోభావాలు దెబ్బతినకూడదు." ఆ ఆర్డరు రాసినవాడికి చదువుంది. ఊరి పెద్దకు లేదు. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపం రావాలో మీరే చెప్పండి.

ఆ మధ్యాహ్నమే వచ్చారు. ముందు పోలమ్మ అనే ముసలావిడ, ఇత్తడి పళ్ళెంతో. పళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు, కొత్త గాజులు. మనిషిని ముందు ముస్తాబు చేసి, ఆ తరవాత అన్నీ తీసి పగలగొట్టడం ఆ తంతు. దాన్ని చేయించే పని మొగుడు పోయిన ముసలివాళ్ళదే. ఆ పళ్ళేన్ని మగవాళ్ళు ముట్టుకోరు, ముత్తైదువలు కంటితో చూడరు. పోలమ్మ వెనక ఊరి పెద్ద, దాలమ్మ బావ, ఇరవై మంది మగవాళ్ళు.

పెద్ద సిస్టరు గుమ్మంలో నిలబడింది. "దాలమ్మ డ్యూటీలో ఉంది" అంది.

"డూటీ ఏటమ్మా? అది మా ఊరి ఆడది. మీరు టెక్కలోల్లు, రేపెల్లిపోతారు" అన్నాడు ఊరి పెద్ద.

"రిలీవర్ రాకుండా డ్యూటీ వదలకూడదు. మాకూ అంతే, ఈ సిపాయిలకూ అంతే. మీలో ఒకరు లోపలికొచ్చి ఆమె దగ్గర చార్జి తీసుకోండి. తరవాత ఆమెను తీసుకెళ్ళండి."

నర్సులకు అది నియమం. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు ఎక్కే నర్సును వెంటబెట్టుకుని ప్రతి మంచం దగ్గరా ఆగి, రోగి సంగతి చెప్పి, అప్పగించి వెళుతుంది. తీసుకునే మనిషి రాకపోతే ఇంటికి పోవడం ఉండదు. కాపలా సిపాయికీ అదే నియమం. అప్పటిదాకా మేం ఆ మాట మా మధ్యే అనుకునేవాళ్ళం. పెద్ద సిస్టరు దాలమ్మను కూడా మాలో కలిపేసింది. అదీ ఊరందరి ముందు. మెచ్చుకోలు అంటే ఏమిటో నాకు ఆ గుమ్మంలో తెలిసింది.

చిన్న సిస్టరు బకెట్టు తెచ్చి గడప మీద పెట్టింది. ఖాళీది కాదు. పెద్ద సిస్టరు అప్పగింత మొదలుపెట్టింది.

"మూడో మంచం. మీ మనవరాలే. పొద్దుటినుంచి నాలుగు విరేచనాలు. గుడ్డలు ఉతకాలి. ఈ బకెట్టు గోతిలో పోసి కడగాలి. రండి, తీసుకోండి."

వెనక నుంచి ఎవడో అన్నాడు: "ఎల్లరా బావా. వల లాగినోడివి, బకెట్టొక బరువా?" కొందరు నవ్వారు. ఒక్కడూ కదలలేదు. ఊరి పెద్ద గడప మీంచి మెడ సాచి చూశాడు. మనవరాలు దాలమ్మ ఒళ్ళో ఉంది. చెంచా నోటికి అందుతోంది. ఆయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"నానెల్తాను" అంది పోలమ్మ.

పళ్ళెం ఇసుక మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపి, గడప దాటి బకెట్టు పట్టుకుంది. బయట మగవాళ్ళ మొహాలు వెలిగాయి. "రాయే దాలమ్మా! మనిసొచ్చింది!" అని అరిచాడు బావ.

పెద్ద సిస్టరు మొహం పాలిపోయింది. తన నియమమే తనకు అడ్డం తిరిగింది. మనిషి వచ్చాక పంపను అనడానికి లేదు. దాలమ్మ పిల్లను మెల్లగా మంచం మీదికి దించి లేచి నిలబడింది. 

"ఒలే, ఎక్కడికే?" అంది పోలమ్మ. "కూకో. నిన్ను ఇడిపించడానికొచ్చాననుకున్నావేటి? ఇద్దరి పనుంది ఇక్కడ." తరవాత గుమ్మం బయటున్న ఊరి పెద్ద వైపు తిరిగింది. "మీ అయ్యే దగ్గరుండి నా గాజులు కొట్టించాడు. అప్పటికి నాకు పాతికేల్లు కూడా నేవు. ఈ పళ్ళెం మోత్తానే ముసిల్దాన్నయిపోనాను. ఇంక మొయ్యను. కావాలంటే నువ్వే మొయ్యి, నాయినా."

చిన్న సిస్టరు సబ్బు తెచ్చి పోలమ్మ చేతులు తనే కడిగి, తన గ్లాసులో టీ పోసి ఇచ్చింది.

కెప్టెన్ వైర్‌లెస్ సిపాయిని పిలిచాడు. "పంపు: ఆచారంలో జోక్యం చేసుకోలేదు. రిలీవర్ దొరకలేదు. ఓవర్."

గాజులు పగలలేదు. అమ్మవారు ఎవరినీ తీసుకుపోలేదు. ఊరి పెద్ద మనవరాలు బతికింది. దాలమ్మ మొగుడు తిరిగి రాలేదు. మహిమ కోసం చూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నా దగ్గర మహిమలు లేవు. గాజులు అతన్ని వెనక్కి తేలేదు, గాజుల వల్ల ఎవరూ చావలేదు. చావులకు కారణం నుయ్యి. నూతికి బ్లీచింగ్ వేశాం, చావులు ఆగాయి. అంతే.

వార్డు మూసేశాక పలాసలో సన్మానసభ పెట్టారు. నాయకుడు మా సైన్యానికి, దాతలకు, గుడారాలు అద్దెకిచ్చిన షావుకారుకు కూడా ధన్యవాదాలు చెప్పాడు. పెద్ద సిస్టరును రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె తన సంగతి ఎత్తలేదు. "మేం టెక్కలి నుంచి వచ్చాం, ఆర్డరు మీద. దాలమ్మ, పోలమ్మ ఆర్డరు లేకుండా వచ్చారు. మా ఇద్దరినీ నిలబెట్టింది వాళ్ళు" అని చెబుతూ ఉండగానే ఎవరో మైకు ఆపేశారు. ఆమె ఆగలేదు. వాళ్ళు ఏ మంచం దగ్గర ఏం చేశారో గొంతెత్తి చెప్పింది. చివరి వరసలో కూర్చున్న ఆ ఇద్దరూ లేచి నిలబడేదాకా వేదిక దిగలేదు. తనకు కప్పిన శాలువా మాత్రం కుర్చీ మీదే వదిలేసింది.

మర్నాడు పలాసలో రైలెక్కి యూనిట్‌కు వెళ్ళిపోయాను. ఆ తరవాత ఎన్నో చోట్ల పనిచేశాను. మంచు చూశాను, కాల్పులు చూశాను. రిటైరై ఇంటికి వచ్చాక ఊళ్ళోవాళ్ళు వాటి గురించే అడుగుతారు. నాకు గుర్తొచ్చేది ఒకటే.

పోలమ్మ లోపలికి వచ్చాక, సెలైన్ బాటిల్ మారుస్తూ కిటికీలోంచి చూశాను. ఇసుక మీద పళ్ళెం. దాని చుట్టూ ఇరవై మంది మగవాళ్ళు. సముద్రాన్ని ఈదినవాళ్ళు, పడవలు భుజాన మోసినవాళ్ళు. పళ్ళెం ఎత్తితే మైల, వదిలేసి పోతే అరిష్టం. గాలికి ఇసుక ఎగిరి కొత్త గాజుల మీద పడుతోంది. పొద్దు వాలేదాకా వాళ్ళు అలాగే నిలబడ్డారు. ఒక్కడూ వంగలేదు.