నా ముఖానికి నేను రాసుకున్నది

"పాపకా మేడమ్?" అని అడిగాడు తిరుపతిలో మందుల షాపతను, ఆ చిన్న డబ్బాను కాగితం సంచిలో వేస్తూ.

"కాదు, నాకే," అన్నాను.

అతను నా మెడ వైపు చూశాడు. మెడలో తాళి లేదని గమనించాడు. గమనించినట్టు నాకు తెలిసిందని కూడా అతనికి తెలిసింది. సంచి చేతికిచ్చాడు. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా నేను అతనితో మనసులోనే పోట్లాడుతూ వచ్చాను. నాకు అదొక జబ్బు, పోట్లాడవలసిన చోట నోరు రాదు, వీధి మలుపు తిరిగాక మాత్రం మాటలు వరదలా వస్తాయి.

అది రెండువేల అయిదో, ఆరో. నాకు నలభై ఏడేళ్లు. మా ఆయన పోయి రెండేళ్లు దాటింది. జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేదాన్ని. ఆయన పోయిన పదో రోజున పలమనేరు దగ్గర మా అత్తగారి ఊళ్లో నా పసుపు, పూలు, గాజులు, బొట్టు అన్నీ తీసేశారు. కాలేజీకి వెళ్లేటప్పుడు నల్లటి స్టిక్కరు పెట్టుకునేదాన్ని. ఊరికి వెళ్లే రోజున బస్సు చిత్తూరు స్టాండులో ఆగగానే దాన్ని పీకి గడియారం పట్టీ వెనక అంటించుకునేదాన్ని. ఇప్పుడది తలుచుకుంటే ఎవరి మీదో కాదు, నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చిన్నప్పటి నుంచి రోజూ పసుపు రాసుకున్న ముఖం. ఒక్కసారిగా ఆపేసరికి ఎండిపోయింది. పసుపు ఆపినందుకే అనను, తిండి, నిద్ర, అన్నీ ఆగాయి. పైగా ఆ వయసులో ఆడవాళ్ల ఒంట్లో జరిగే మార్పులు ఎలాగూ ఉన్నాయి. బుగ్గల మీద పొలుసులు లేచాయి. నవ్వితే చర్మం చిట్లేది, అయితే నవ్వే సందర్భాలూ తక్కువే. చర్మం డాక్టరమ్మ చూసి, ఎండలో తిరగొద్దంది, ముఖం ఎండిపోనివ్వొద్దంది. చివరికి ఒక క్రీము పేరు రాసిచ్చింది. "పెప్టైడులుంటాయి. మూడు నెలలు ఓపిక పట్టండి. మాయలు మంత్రాలు ఆశించొద్దు," అంది. ఆ చివరి మాటకే నాకు ఆమె నచ్చింది.

డబ్బా వెనక రాసింది చదవకుండా రాసుకునే రకం కాదు నేను. మన చర్మాన్ని బిగువుగా నిలబెట్టేది కొలాజెన్ అనే మాంసకృత్తి. వయసు ముదిరేకొద్దీ ఒంట్లో దాని తయారీ తగ్గిపోతుంది, పాతది తెగిపోతూ ఉంటుంది. అలా తెగిన చిన్న ముక్కల్ని గుర్తుపట్టి చర్మంలోని కణాలు, ఇక్కడ పని పడింది కాబోలు అని మళ్లీ కొత్తది తయారు చేయబోతాయి. క్రీములోని పెప్టైడు అలాంటి ముక్కే. నాలుగైదు అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చి, చర్మంలోకి దిగడానికి వీలుగా చివర కొంచెం కొవ్వు తగిలిస్తారు. అది చర్మానికి వార్త మోసుకుపోతుంది, అంతే. పని చేయవలసింది చర్మమే.

మూడు నెలలకు పొలుసులు పోయాయి. కళ్ల చివర సన్న గీతలు కాస్త తేలికపడ్డాయి. లోతు గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇందులో పెప్టైడు ఘనత ఎంత, రోజూ ముఖాన్ని తడిగా ఉంచిన ఘనత ఎంత అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఒక ముఖం మీద చేసింది ప్రయోగం కాదు. నాకు తెలిసిందొకటే. పొద్దున్నే అద్దం ముందు రెండు నిమిషాలు నిలబడి నా వేళ్లతో నా ముఖాన్ని తాకుతున్నాను. రెండేళ్లుగా ఆ పని చేయలేదు.

ఆ ఏడే మా అమ్మాయికి చిత్తూరు సంబంధం కుదిరింది. పెళ్లికి ముందు నలుగు పలమనేరు దగ్గర ఊళ్లోనే పెట్టాలన్నారు. శెనగపిండి, పసుపు, నువ్వుల నూనె కలిపి పెళ్లికూతురి బుగ్గలకు, చేతులకు, పాదాలకు రాస్తారు. మొదట అయిదుగురు ముత్తైదువలు రాయాలి, తర్వాత చుట్టాల్లోని ఆడవాళ్లంతా. భర్త పోయినవాళ్లు రాయకూడదు, ఆ చాయలకే రాకూడదు. నేను కన్న పిల్లకు నేను తప్ప ఊరంతా నలుగు పెట్టవచ్చునన్న మాట. కుదిరిన రోజునే నిశ్చయించుకున్నాను, నా చేత్తో నా బిడ్డకు నలుగు పెట్టి తీరతానని. ఎవరికీ చెప్పలేదు. చెప్తే అడ్డం పడటానికి వాళ్లకు తీరికగా నెలరోజులు దొరుకుతాయి.

ఇంతలో మా ఆడబిడ్డ, మా ఆయన చెల్లెలు, కొండకు వెళ్లడానికి వచ్చి మా ఇంట్లో దిగింది. స్నానాల గదిలో ఆమెకు నా డబ్బా దొరికింది. దర్శనం సంగతి దేవుడెరుగు, ముందు హాల్లో ఫోను అందుకుంది.

"అమ్మా, వదిన మొగానికి ఏందో పూసుకుంటా ఉండాది. ఊరికే కాదు, చానా రోజులుగా. నిగనిగలాడతా ఉండాది."

వంటింట్లో ఉన్న నాకు వినపడాలనే గట్టిగా చెప్పింది. తర్వాత ఫోను నా చేతికిచ్చింది.

"ఎవురి కోసరం మే అది?" అంది అత్త.

నోరు రాని నాకు ఆ రోజు మాట సమయానికి వచ్చింది. "నా కోసరమే అత్తా," అన్నాను.

"పెండ్లి ఇల్లు. నలుగురూ నాలుగు మాట్లాడతారు. ఆ క్రీము మానుకో. నలుగునాడు గమ్మున లోపలుండు. నేనుండలేదా నలభై ఏండ్లు?" అంది. ఆమె కూడా చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. ఆవులు, పాలు, పొలం అన్నీ ఒంటిచేత్తో చూసుకుని ఇద్దరు పిల్లల్ని పెంచింది. అలాంటి మనిషే నన్ను లోపలుండమంటుంటే నాకు కోపం రెట్టింపైంది.

పెళ్లికి నాలుగు రోజుల ముందే ఊరికి వెళ్లాను. ఆ సారి చిత్తూరు స్టాండులో స్టిక్కరు పీకలేదు. మర్నాడు పొద్దున, వీధి వైపు వరండాలో, పాలవాళ్లు క్యాన్లతో వచ్చిపోయే వేళలో, స్తంభానికి అద్దం తగిలించి నిలబడి క్రీము రాసుకున్నాను. తిరుపతిలో తలుపు వేసుకుని రాసుకునేదాన్ని ఇక్కడ ఊరందరి ముందు రాసుకున్నాను. మొండితనమే. ఒప్పుకుంటాను.

అత్త పాలు కొలిపించి వచ్చి నా పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"దాండ్లో ఏముండాది?" అంది.

చెప్పాను. పాలలో ఉండే సత్తువ లాంటిదేనని, కాకపోతే దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తారని, అవి లోపలికి దిగి ముడతలు పడిన చర్మానికి పని చెప్తాయని. నలభై ఏళ్లు ఆవులతో బతికిన మనిషి, పాలు అనగానే బుర్ర ఊపింది. "ఊ" అని వెళ్లిపోయింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఇంట్లో ఎర్రావు ఈని రెండు రోజులు. ఈనిన ఆవు తొలి పాలతో జున్ను వండడం, వాడకట్టంతా పంచడం ఆ ఇంటి ఆనవాయితీ. మర్నాడు ఆ పాలు గిన్నెలో లేవు. పిల్లి తాగిందని ఆడబిడ్డ ఇల్లంతా వెతికింది. నేను పెరట్లోకి వెళ్లేసరికి కొట్టం వెనక, పేడ దిబ్బ పక్కన, అత్త రాతి మీద కూర్చుని ఉంది. ముఖమంతా తెల్లగా పట్టు కట్టింది. ఎండకు అది ఆరి పెచ్చులు లేస్తోంది. చుట్టూ ఈగలు. రెండు చేతులతో ఈగల్ని తోలుకుంటూ, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వుకో. నువ్వే గదా చెప్పినావు, పాలల్లో ఉండే సత్తువే అని. జున్ను పాలకంటే సత్తువ ఏ డబ్బాలో ఉండాది?" అంది కళ్లు తెరవకుండానే.

తర్కం తప్పు పట్టలేనంత బాగుంది. పొరపాటు నాది, పాఠం సగమే చెప్పాను, ముక్కలు ఎందుకు చేయాలో చెప్పలేదు. "అత్తా, జున్ను పాలల్లో ఉండేది పెద్దది. కిటికీలోంచి మంచం పట్టాదా? ముక్కలు చేస్తేనే పట్టేది. ఇది పైనే ఉండిపోతాది, ఈగల కోసరం," అన్నాను.

ముఖం కడిగించాను. తువ్వాలుతో ఒత్తాను. డబ్బా తెచ్చి ఆమె బుగ్గకు కొంచెం రాశాను. ఎండకు, పొగకు, వయసుకు గట్టిపడిన చర్మం నా వేళ్ల కింద గరగరలాడింది. ఆమె వద్దనలేదు. కదలకుండా కూర్చుంది.

"నలభై ఏండ్లాయ, ఈ మొగానికి నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు," అంది కాసేపటికి.

ఇదే సమయమనుకుని అడిగేశాను. "రేపు నలుగు నేను పెడతా అత్తా."

ఆమె నా చెయ్యి తోసేసింది. "ఇది వేరు, అది వేరు. బిడ్డ బతుకుమే అది. ఏమన్నా అయితే నీ మొగమే సూస్తారు అందరూ," అంటూ లేచి కొట్టంలోకి వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట నన్ను ఆపగలిగేది. ఆ రోజంతా దాన్ని తిప్పి తిప్పి చూశాను. మా ఆయనకు నలుగు పెట్టింది ముత్తైదువలే కదా, ఏ లోటూ రాకుండా పెట్టారు కదా, ఆయన యాభై దాటకుండానే ఎందుకు పోయాడు? ఆయన పోయినందుకు వాళ్లలో ఒక్కరి ముఖమైనా ఎవరైనా చూశారా? అక్కడితో నా భయం పోయిందని చెప్పను. భయంతోనే వెళ్లాను.

నలుగు నడవలో. పీట మీద అమ్మాయి కూర్చుంది. అయిదుగురూ రాశారు. ఆడబిడ్డ పళ్లెం పట్టుకుని "ఇంగ ఎవురన్నా ఉండారా?" అని పిలుస్తోంది. నేను వంటింటి గుమ్మం దాటి వచ్చి పళ్లెంలో చెయ్యి పెట్టాను.

ఆమె పళ్లెం వెనక్కి లాక్కుంది. "వదినా, లోపలికి పో. నా నోట చెడ్డ మాట అనిపించొద్దు."

"అను," అన్నాను. "ఇరవై నాలుగేండ్లు దానికి నీళ్లు పోసిన చెయ్యి ఇది. జ్వరమొస్తే నుదుటి మీద పెట్టిన చెయ్యి. ఈ పొద్దు ఒక్కపొద్దే ఎట్ల చెడిపోయిందో అందరిముందరా చెప్పు."

నా చేతికి అంటిన పిండి చాలు. వంగి నా బిడ్డ రెండు బుగ్గలకూ రాశాను. అమ్మాయి నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. పాట పాడుతున్నవాళ్లు ఆపేశారు. ఎవరో ఒకావిడ లేచి కొంగు దులుపుకుని బయటికి వెళ్లింది.

అప్పుడు వంటింట్లోంచి అత్త వచ్చింది. అంతవరకూ ఆమె గుమ్మం అవతలే ఉంది, అలవాటు ప్రకారం. వచ్చి కూతురి చేతిలోని పళ్లెం తీసుకుంది. విసిరి కొడుతుందనుకున్నాను. రెండు చేతులనిండా నలుగు తీసుకుంది. మనవరాలికి పెడుతుందేమో అనుకున్నాను. నా వైపు తిరిగింది.

"నా కొడుకును పెండ్లికొడుకును చేసిన పొద్దు," అంది, నాతో కాదు, నడవలో ఉన్న అందరితో. "ఇదే నడవలో పీటేసినారు. నేను వడ్ల గదిలో తలుపేసుకోని కూసోనుంటి. పాటలు వినబడతా ఉండె. వాడు రెండుసార్లు అమ్మ యాడ అని అడిగినాడు. పోలేదు నేను. వానికి నా చెయ్యి తగల్లేదు. ఇప్పుడు పెడదామంటే వాడు లేడు."

అని నా రెండు బుగ్గల మీద నలుగు పెట్టింది. పసుపు నూనెతో కలిసి మెడ దాకా జారింది. "ఇది వానిది," అంది. "ఉంచుకో."

నేను ఏడ్చాను. అందరి ముందు, సిగ్గులేకుండా, పెద్దగా ఏడ్చాను.

మధ్యాహ్నం చిత్తూరు నుంచి మగపెళ్లివారు దిగుతారని కబురొచ్చింది. ఆడబిడ్డ చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది, వాళ్లు చూడకముందే కడుక్కోమని. కాసేపాగి మళ్లీ వచ్చి చెంబు ఇంకొంచెం దగ్గరికి జరిపింది. నేను లేచి ఆ నీళ్లు తులసి కోటలో పోసి, ఆ ముఖంతోనే వీధి గుమ్మంలోకి వెళ్లి వియ్యంకులకు ఎదురు నిలబడ్డాను.