లొవీనా వంతు

అప్పట్లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఊరు ఎంత చిన్నదైనా శాసనసభలో దానికో కుర్చీ ఉండేది. హార్లో ఊళ్ళో ఆ కుర్చీ వంతులవారీగా తిరిగేది. ఊరికి చాకిరీ చేసినవాళ్ళను ఒకసారి రాజధానికి పంపడం అక్కడి మర్యాద. 1952లో వంతు లొవీనా టటిల్‌దని అందరూ ఒప్పుకున్నదే.

ఆమె కొండమీది బడిలో పాఠాలు చెప్పింది. మార్చిలో జరిగే ఊరి సభకు ఏటా వంట చేసింది. పొరుగు రైతు హార్లన్ కాలు విరిగి మంచాన పడితే, ఆ చలికాలమంతా తన ఆవులతో పాటు అతని ఆవులకూ పాలు పితికింది. ప్రభుత్వం ఆ బడిని మూసేస్తానంటోంది. శాసనసభలో లేచి నిలబడి వద్దని చెప్పాలి, అదొక్కటే ఆమె కోరిక.

అభ్యర్థిని ఎంచుకునే రోజున, పేరు ప్రతిపాదించే వేళకు ఆ మనిషి గదిలో ఉండకూడదు. తన పొగడ్త తాను వినడం అక్కడ సిగ్గుమాలిన పని. ఆమె పేరు చెబుతానని హార్లన్ మాటిచ్చాడు. లొవీనా పక్కనున్న వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చప్పట్లు వినబడగానే జుట్టు సర్దుకుని నవ్వుతూ బయటికొచ్చింది. ఆ చప్పట్లు హార్లన్ బావమరిది లూథర్‌కి. అతను అంతకుముందే ఒకసారి వెళ్ళొచ్చినవాడు.

"ఏమనుకోకు లొవీనా. నువ్వు వెళ్ళిపోతే మార్చిలో మాకు వంటెవరు చేస్తారు?" అన్నాడు హార్లన్.

ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. ఇంటికొచ్చి భర్త మెరిట్ దగ్గర ఏడ్చింది. ఎప్పుడూ పెదవి విప్పని మనిషి ఆ పూట మండిపడ్డాడు.

"ఓటు చీటీ మీద నీ పేరు అచ్చు వెయ్యకపోతేనేం? పెన్సిలుతో రాయొచ్చుగా. నేను రాస్తా," అన్నాడు.

ఆ మాట ఊళ్ళో పాకింది. ఎదురైనవాళ్ళంతా నీ పేరే రాస్తామన్నారు. ఆ ఊరి మాటలు నీటిమూటలని ఆమెకు తెలుసు, అయినా మెరిట్ మాట మీద నమ్మకంతో నిబ్బరంగా ఉంది. నవంబరులో ఓటు వేసినప్పుడు, తన పేరు తానే రాసుకోవడం మర్యాద కాదని చీటీ ఖాళీగానే మడిచింది.

సాయంత్రం అందరి ముందూ చీటీలు విప్పి పేర్లు చదివారు. లూథర్, లూథర్, మళ్ళీ లూథర్. మధ్యలో ఒకటి ఖాళీ. లొవీనా పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఊరు ఊరంతా అబద్ధమాడిందంటే ఎలాగో ఓర్చుకునేది. ఖాళీది తనదే కనుక, పక్కన కూర్చున్న మెరిట్ ఓటూ లూథర్‌కే పడిందని తెలిసేసరికి ఆమె లేచి బండి వైపు నడిచింది.

బండెక్కాక, ఎందుకు రాయలేదని అడిగింది. మెరిట్ రోడ్డు వంక చూస్తూనే చెప్పాడు.

"ఒక్కటే పడితే అది నాదేనని అందరికీ తెలిసిపోతుంది కదే. హార్లన్ ముందు తలెత్తుకోలేను."

"ఒక్కటీ పడకపోయినా తెలిసిపోయింది," అంది లొవీనా.