ఎడమ సిలిండర్ గుట్టు

దమ్మపేట దాటి పామాయిల్ తోటలు మొదలయ్యే చోట రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డుంది. అది సంగీతది. ముప్పై ఆరేళ్ల మనిషి. తండ్రి రామ్‌సింగ్ పాల్వంచలో షిఫ్టు కార్మికుల బండ్లు బాగుచేసేవాడు. పని ఆయన దగ్గరే నేర్చుకుంది. టూ స్ట్రోక్ బండి చప్పుడు వింటే చాలు, రోగమేమిటో చెప్పేసేది. అయితే ఆ బండ్లు రోడ్లమీద కనబడటం మానేశాక ఆ విద్యను అడిగే నాథుడే లేకపోయాడు. స్కూటీలకు ఆయిల్ మారుస్తూ నెట్టుకొస్తోంది.

మొన్న ఫిబ్రవరిలో వేంసూరు రైతు ఉదయ్ భాస్కర్ ట్రాలీలో ఒక వింత బండిని తెచ్చి దించాడు. నాలుగు లావుపాటి టైర్లు, మోటారుసైకిల్‌కున్నట్టు హ్యాండిలు, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను. ఇసుకలో, గుట్టల్లో పందేలకు తోలే ఏటీవీ. విదేశాల నుంచి వచ్చిన పాతబండి, ముచ్చటపడి కొన్నాడు.

"రెండుసార్లు పిస్టన్ పట్టేసి ఇంజన్ బిగుసుకుపోయిందమ్మా. పెట్రోల్లో ఆయిల్ తక్కువ కలిపావని మెకానిక్ నన్నే తిట్టాడు. రెండోసారి కొలిచి పోశాను. అయినా అంతే. ఇక తుక్కే అన్నాడు."

సంగీత హెడ్ విప్పి చూసింది. కుడి పిస్టన్ నున్నగా ఉంది. ఎడమదాని ఒంటినిండా గీతలు.

"మొదటిసారి గూడ ఎడమదేనా సార్?"

"ఎడమదే."

"ఆయిల్ తక్కువైతే రెండూ పోవాలె గద. ఒక్కటే పోతున్నదంటే ఏడనో గాలి గుంజుతాంది."

ఇంజన్‌కున్న దారులన్నీ రబ్బరుతో మూసి, సైకిల్ పంపుతో లోపలికి కాస్త గాలి కొట్టి, అతుకుల మీద సబ్బునీళ్లు పూసింది. ఎక్కడా బుడగ లేదు. ఎడమవైపు మూత విప్పి, లోపల పిస్టన్లతో తిరిగే క్రాంక్ ఇరుసు చుట్టూ ఉన్న రబ్బరు సీలు మీద పూసింది. బుడబుడమని నురగ పొంగింది.

"గిదే దొంగ! సీలు ఎండి పగిలింది. ఈడికెల్లి గాలి లోపటికి పోతే పెట్రోలు పల్చనై ఆ పక్క కాలిపోతాంది."

ఉదయ్ భాస్కర్ మొహం విప్పారింది. "బాగవుతుందా?"

"అవ్ సార్, అయితది. కానీ ఒక మాట. వచ్చే నెల ఎండిన వాగుల పెట్టే పందెంల దీన్ని నేనే తోల్త."

ఆయన తటపటాయించాడు. "మా నాగచైతన్య తోలుదామనుకుంటున్నాడమ్మా. మేనల్లుడు..."

"దీని గొంతు ఆయనకు తెల్వదు సార్. నాకు తెలుసు."

ఆయన నవ్వేశాడు. "సరే, నువ్వే తోలు."

కొత్త సీళ్లు, కొత్త పిస్టన్లు పడ్డాయి. రోజూ పొద్దున్నే తోట బాటల్లో తిప్పడం, చల్లారాక ప్లగ్గు ఊడదీసి చూడటం. తెల్లగా ఉందంటే పెట్రోలు చాలనట్టు. కార్బురేటర్లలో పెట్రోలు వదిలే సన్నరంధ్రాల జెట్లు మార్చింది. నాలుగోనాటికి ప్లగ్గు చాయ్ రంగుకొచ్చింది. ఇప్పుడు షెడ్డులోనే కూర్చునే రామ్‌సింగ్ దాన్ని ఎండకు పెట్టి చూసి, "ఇగ ముట్టకు బిడ్డా" అన్నాడు.

తోలడం ఇంకో చదువు. కింది వేగంలో ఆ ఇంజన్ బద్ధకంగా మూలుగుతుంది. ఒక మెట్టు దాటిందా, వెనకనుంచి ఎవరో తోసినట్టు ఉరుకుతుంది. ఇసుకలో ఆ ఊపు జారితే చక్రాలు కూరుకుపోతాయి. అందుకని క్లచ్ మీద రెండు వేళ్లుంచి, ఇంజన్ గొంతు దిగకుండా తోలడం అలవాటు చేసుకుంది.

పందెంలో ఎనిమిది బండ్లు. మిగతా ఏడూ కొత్త ఫోర్ స్ట్రోక్‌లు. ఆమె బండి పొగ చూసి జనం నవ్వారు. మొదటి రౌండులో ఆమెదే ఆఖరి స్థానం. మెత్తటి ఇసుక వచ్చేసరికి ఒక్కొక్కరూ తడబడ్డారు, ఆమె ఒక్కొక్కరినే దాటింది. చివరి రౌండుకు రెండో స్థానం.

ఉన్నట్టుండి ఇంజన్ గొంతు సన్నబడింది. పెట్రోలు అడుగంటింది! అలాగే లాగితే మళ్లీ పిస్టన్ పట్టేస్తుంది. ఎగిరెగిరి పడుతున్న బండి మీద ఎడమచెయ్యి వదిలి, ట్యాంకు కింద తడిమి పెట్రోలు కుళాయిని రిజర్వుకు తిప్పింది. ఆలోపు ఇద్దరు దాటిపోయారు. గొంతు చిక్కబడేదాకా పళ్లు బిగించి ఆగి, అప్పుడు బొటనవేలితో త్రాటిల్ పూర్తిగా నొక్కింది. మలుపు దగ్గర ఇద్దరిని, గట్టు ఎక్కేచోట మూడోవాణ్ణి వెనకేసి జెండా దాటింది.

ఉదయ్ భాస్కర్ చెప్పులొదిలి ఇసుకలో పరిగెత్తుకొచ్చాడు. "గెలిచావమ్మా! గెలిచావు!"

హెల్మెట్ తీసి సంగీత తండ్రి కోసం చూసింది.

"బాపూ, నువ్వొక రౌండు తోలు."

అరవై ఎనిమిదేళ్ల రామ్‌సింగ్ పంచె ఎగ్గట్టి ఎక్కాడు. కొంతదూరం మెల్లగా పోయాడు. తర్వాత వాగంతా ఆ ఇంజన్ కేక మోగింది.